ముడతలు పడ్డ గోధుమ గింజ విత్తనానికి పనికొస్తుందా?

నల్లరేగడి_రైతు:
మాది ఆదిలాబాద్ జిల్లా. పత్తి తీసిన రెండెకరాల్లో గోధుమ వేశాను. నవంబరులో పడాల్సిన విత్తనం డిసెంబరు సగానికి పడింది. గింజ పాలు పోసుకునే వేళకే ఎండలు ముదిరాయి. గింజ సన్నగా, ముడతలు పడి వచ్చింది. వచ్చే ఏటికి ఇదే దాచుకుందామంటే మా బాబాయి వద్దంటున్నాడు. గోధుమ తన పుప్పొడితోనే గింజ కడుతుంది, రకం మారదు కదా! వెయ్యి గింజలు 40 గ్రాములు తూగితే 40 కిలోల్లో 10 లక్షల గింజలుంటాయి. 30 గ్రాములే తూగితే 13 లక్షలు దాటతాయి. మొక్కలు ఎక్కువే వస్తాయి కదా?

మంజీర_ఒడ్డు:
రకం మారదు, నిజమే అన్నా. బలం మారుతుంది. ఆకు విప్పి ఎండ తాగేదాకా మొలకకు తిండి గింజలోని పిండే. వేడి ఎక్కువైతే ఆ పిండి నిండే రోజులే తగ్గిపోతాయి. అలాంటి గింజ తడిగుడ్డలో మొలవొచ్చు, కానీ 5 సెంటీమీటర్ల లోతులో పడి, పైన మట్టి అట్టకడితే పొడుచుకు రాలేదు. మీ బాబాయి మాట వినండి.

విత్తనాల_కొట్టు:
2022 మార్చి వేడికి పంజాబ్, హర్యానాల్లో ఇలాగే అయింది. ముడుచుకున్న గింజ 6 శాతం మించకూడదన్న కొనుగోలు నిబంధనను కేంద్రం 18 శాతానికి సడలించింది. అది తిండి గింజకు ఇచ్చిన సడలింపు. ధ్రువీకరించిన గోధుమ విత్తనానికి కనీసం 85 శాతం మొలక ఉండాలి. ఈ రెంటినీ కలిపి చూడొద్దని నా దగ్గరికొచ్చే ప్రతి రైతుకూ చెబుతున్నాను.

నల్లరేగడి_రైతు:
వేడిలో పండిన గోధుమలో ప్రొటీన్ శాతం ఎక్కువంటారు. ప్రొటీన్ ఉంటే మొలక చురుగ్గా రావాలి కదా?

మంజీర_ఒడ్డు:
పిండి తగ్గింది కాబట్టి శాతం పెరిగినట్టు కనబడుతుంది. ఒక్కో గింజలో ఎంతుందో చూడాలి. నత్రజని బాగా అంది, గింజ నిండుగా ఊరి, ప్రొటీన్ కూడా ఎక్కువుంటే అది మొలకకు నిజంగా బలమే. మీ పంటలో గింజే నిండలేదు.

విత్తనాల_కొట్టు:
నాకు ముడతల కన్నా కోత ముందు వానంటేనే ఎక్కువ భయం. పండిన కంకి నానితే గింజ లోపల మొలక పని మొదలైపోతుంది. మళ్లీ ఎండితే పైకి బాగానే కనబడుతుంది, అప్పటికి మొలుస్తుంది కూడా. నిల్వలోనే తొందరగా చచ్చిపోతుంది. మీకు కోతప్పుడు వాన పడిందా?

నల్లరేగడి_రైతు:
లేదండీ, పొడిగానే కోశాం. పెద్ద కన్నాల జల్లెడ పట్టి పైన నిలిచిన గింజే దాస్తాను. తడిగుడ్డ పరీక్ష కాకుండా, అక్టోబరులో మా చేలో మట్టే కుండీలో పోసి, 5 సెంటీమీటర్ల లోతున 100 గింజలు పెడతాను. 85 పైకి రాకపోతే కొత్త విత్తనం కొంటాను. ఎన్ని వచ్చాయో ఇక్కడే రాస్తాను.