ఐసీయూలో నాన్నగారికి సహస్రనామం వినిపించాలంటే ఎవరిని అడగాలి?

మాది పర్లాకిమిడి. నాన్నగారికి పక్షవాతం వచ్చి బరంపురంలో ఒక ఆసుపత్రి ఐసీయూలో ఉన్నారు. మాట లేదు, కానీ పిలిస్తే కళ్లు తెరుస్తున్నారు. విష్ణు సహస్రనామం చదవందే టీ కూడా ముట్టని మనిషి. ఫోన్‌లో సన్నగా, చెవి దగ్గర అది వినిపించాలని మా కోరిక. సిస్టర్లు మంచివాళ్లే, కానీ షిఫ్టు మారితే మాట మారుతోంది.

మా మేనత్తది వేరే టెన్షన్. అరసవల్లి నుంచి తెచ్చిన తీర్థం అన్నయ్య నోట్లో పోస్తానంటుంది. మింగడం సరిగా లేనివాళ్లకు చెంచాడు నీళ్లు కూడా ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా రావచ్చని నేను చెబితే, "దేవుడి తీర్థం హాని చేస్తుందట్రా?" అంటుంది. ఆక్సిజన్ దగ్గర దీపం, అగరుబత్తి కూడదని మాత్రం ఒప్పుకుంది, అదే పదివేలు.

ప్రార్థనతో జబ్బు నయమవుతుందా అనే వాదన నాకొద్దు. అమెరికాలో గుండె బైపాస్ రోగులు 1,802 మందిపై చేసిన పరిశీలన 2006లో వచ్చింది; ఇతరులు వాళ్ల కోసం ప్రార్థించినా ఆపరేషన్ తర్వాతి ఇబ్బందులు తగ్గలేదు. నాకు కావలసింది నాన్నకు ధైర్యం, అమ్మకు కాస్త ఊరట.

ఐసీయూలో పనిచేసినవాళ్లు చెప్పండి. డ్యూటీ డాక్టర్‌ని అడగాలా, సిస్టర్ ఇన్‌ఛార్జినా? ఫోన్ లోపలికి ఒప్పుకోకపోతే అమ్మే పక్కన కూర్చుని చదవొచ్చా? సెలైన్ లేని చేతికి రక్ష కట్టనిస్తారా? తీర్థం నుదుటికి రాస్తే చాలని ఇంట్లో పెద్దవాళ్లను ఒప్పించినవాళ్లుంటే, ఏం చెప్పి ఒప్పించారో కూడా రాయండి.