పార్టగాస్ సిగార్ ఎలా కాల్చాలి? బాగుందో లేదో ఎలా తెలుస్తుంది?

ప్రశ్న (గుంటూరు నుంచి):

అన్నలకు నమస్తే. మా బావ దుబాయ్ నుంచి వస్తూ పార్టగాస్ అనే క్యూబా బ్రాండ్‌వి, సీరీ డి నంబర్ 4 సిగార్లు మూడు విడిగా తెచ్చి ఇచ్చాడు. నేను అప్పుడప్పుడూ సిగరెట్ కాలుస్తాను గానీ సిగార్ సంగతి తెలీదు. ఒకసారి ఆఫీసు పార్టీలో ఎవరో ఇస్తే సగం అయ్యేసరికి నోరంతా చేదు, తల తిరిగి చెమటలు పట్టాయి. ఇవి ఖరీదైనవి కదా, పాడు చేస్తానేమోనని టెన్షన్‌గా ఉంది. ప్రస్తుతానికి బీరువాలో ఉన్నాయి. ఇక్కడి ఎండలు మీకు తెలిసినవే, ఫ్రిజ్‌లో పెట్టనా? పొగ లోపలికి పీల్చాలా? అసలు మంచి సిగార్ అని దేన్నిబట్టి చెప్తారు?

జవాబు:

తమ్ముడూ, ముందు ఒక మాట. పొగ ఊపిరితిత్తుల్లోకి పీల్చకు. సిగార్ పొగకు క్షార గుణం ఎక్కువ, అందుకే నికోటిన్ నోటి లోపలి చర్మం నుంచే ఒంట్లోకి వెళ్ళిపోతుంది. నోట్లో తిప్పి వదిలెయ్యడమే. ఆ రోజు నీకు తల తిరిగింది కూడా నికోటిన్ ఎక్కువైనందుకే. సిగరెట్ అలవాటున్నవాళ్ళు సిగార్‌నీ గబగబా లాగేస్తారు, పైగా చాలాసార్లు ఖాళీ కడుపు. నీ చేతిలో ఉన్నది ఘాటైన రకం. కడుపునిండా భోజనం చేశాకే ముట్టించు, పక్కన ఏదైనా తియ్యటిది పెట్టుకో.

ఫ్రిజ్ వద్దు. అందులో గాలి పొడిగా ఉంటుంది, ఆకు ఎండిపోతుంది, కూరల వాసన కూడా పట్టేస్తుంది. గాలి చొరబడని డబ్బా ఒకటి తీసుకుని తేమని 65 శాతం దగ్గర నిలిపే ప్యాకెట్ వేసి మూత పెట్టు. బొవెడా లాంటివి ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. డబ్బాని ఇంట్లో అన్నిటికంటే చల్లగా ఉండే గదిలో ఉంచు. వేడి 24 డిగ్రీలు దాటి అలాగే ఉంటే ఆకులో ఉన్న పురుగు గుడ్లు పొదిగే ప్రమాదం ఉంది. పై ఆకు మీద గుండుసూది మొనంత కన్నాలు కనిపిస్తే అదే అనుకో. బీరువాలో ఆరిపోయి ఉంటే కంగారుపడి నీళ్ళు చల్లకు, ఆకు ఉబ్బి పగిలిపోతుంది. డబ్బాలో రెండు మూడు వారాలు ఉంటే అదే మెల్లగా సర్దుకుంటుంది.

కాల్చే రోజున ముందు వేళ్ళతో మెల్లగా నొక్కి చూడు. కొంచెం లోపలికి పోయి మళ్ళీ పైకి రావాలి. కరకరమంటే ఎండిందని, ఒకచోట రాయిలా తగిలితే అక్కడ ఆకు కుక్కేశారని అర్థం. తలవైపు, అంటే నోట్లో పెట్టుకునే వైపు, గుండ్రంగా అతికించిన చిన్న ఆకు ముక్క ఉంటుంది, అదే క్యాప్. దాని అంచు గీత దాటకుండా పైన రెండు మిల్లీమీటర్లు మాత్రం కట్టర్‌తో ఒక్క వేటుకి కత్తిరించు. గీత దాటితే పై ఆకు మొత్తం ఊడి వచ్చేస్తుంది. వెలిగించకుండానే ఒకసారి లాగి చూడు. స్ట్రాతో మజ్జిగ తాగినంత తేలిగ్గా గాలి రావాలి. నా మటుకు సిగార్ బాగోగులు సగం ఇక్కడే తేలిపోతాయి. ఎంత గొప్ప ఆకైనా గాలి ఆడకపోతే రుచి రాదు.

వెలిగించడానికి గ్యాస్ నింపిన సిగరెట్ లైటర్‌గానీ పొడవాటి అగ్గిపుల్లగానీ వాడు. పెట్రోల్ లైటర్, కొవ్వొత్తి వద్దు, ఆ వాసన చివరిదాకా వదలదు. మంటని సిగార్ రెండో కొసకి ఆనించకుండా కొంచెం కింద పట్టి సిగార్‌ని తిప్పుతూ ఉండు. ముందు అంచు చుట్టూ నల్లబడుతుంది, తర్వాత మధ్యలోకి ఎరుపు పాకుతుంది. చివరని నీవైపు తిప్పుకుని మెల్లగా ఊదు. ఎరుపు ఎక్కడ లేదో అక్కడ మళ్ళీ మంట చూపించు. అప్పుడే నోట్లో పెట్టుకో.

ఆ తర్వాత నిమిషానికి ఒక్క దమ్ము, అంతకు మించొద్దు. నీ సిగార్ 124 మిల్లీమీటర్ల పొడవు, 50 గేజ్, అంటే అడ్డంగా దాదాపు 2 సెంటీమీటర్లు. ముప్పావు గంట నుంచి గంట పట్టాలి. అరగంటలో అయిపోయిందంటే నువ్వు రుచి చూడలేదు, ఆకుని మాడ్చావు.

రుచిని మూడు భాగాలుగా గమనించు. మొదటి భాగంలో మిరియాల ఘాటు, దేవదారు చెక్క వాసన తగలొచ్చు. రెండో భాగంలో కాఫీ, తోలు, తడిమట్టి వాసనలు మెల్లగా పైకి రావాలి. మూడో భాగం ఘాటెక్కుతుంది. ఇలా మార్పు ఉందా, మారుతున్నప్పుడు ఒక రుచి ఇంకోదాన్ని మింగెయ్యకుండా ఉందా అన్నదే నేను చూసేది. మొదటి దమ్ము ఎలా ఉందో చివరిదీ అలాగే ఉంటే అది మామూలు సరుకు, పేరు ఏదైనా సరే.

ఇంకో గుర్తు మాగుదల. మీ గుంటూరు, ప్రకాశం వైపు వర్జీనియా ఆకు బ్యారన్లలో వేడి గాలికి ఆరుతుంది, అది సిగరెట్లకు వెళ్తుంది. క్యూబాలో పినార్ డెల్ రియో వైపు ఆకుని కొట్టాల్లో మామూలు గాలికే వారాల తరబడి ఆరబెట్టి, తర్వాత కుప్పలేసి మాగబెడతారు. సరిగ్గా మాగని ఆకు కాలుస్తుంటే ముక్కుకి అమ్మోనియా వాసన కొడుతుంది, నాలుక చుర్రుమంటుంది. అలాంటిది ఎంత ఖరీదైనదైనా అప్పటికి పక్కన పెట్టెయ్, కొన్ని నెలలు డబ్బాలో ఉంచితే చాలావరకు తగ్గుతుంది.

కోనసీమ నుంచి ఒకరు:

మా తాతగారు లంక పొగాకు చుట్టలే కాల్చేవారు. వాటికీ దీనికీ తేడా ఏంటండీ? ఆయనైతే ఏ కట్టరూ వాడలేదు.

జవాబు:

చుట్టకి రెండు చివరలూ తెరిచే ఉంటాయండి, క్యాప్ ఉండదు కాబట్టి కత్తిరించే పని లేదు. గోదావరి లంకల ఆకు తక్కువదేం కాదు, బ్రిటిష్ వాళ్ళ కాలంలోనే దానికి పేరుండేది. హవానా సిగార్‌లో, అంటే క్యూబా సిగార్‌లో, మూడు పొరలుంటాయి. లోపల ఘాటుకి ఒకటి, వాసనకి ఒకటి, బాగా కాలడానికి ఒకటి చొప్పున వేరువేరు ఆకులు కలుపుతారు, దాని మీద వాటిని పట్టి ఉంచే ఆకు, ఆపైన నున్నటి పై ఆకు.

చుట్టల మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా, దయచేసి ఎవరూ తేలిగ్గా తీసుకోకండి. ఉత్తరాంధ్రలో నిప్పు నోట్లోపల పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవాళ్ళలో అంగిలి క్యాన్సర్లు వచ్చాయి. పొగ పీల్చకపోయినా నోటికీ గొంతుకీ అన్నవాహికకీ ముప్పు ఉంది, ఒక పెద్ద సిగార్‌లో చాలా సిగరెట్లకు సరిపడా పొగాకు ఉంటుంది. అలవాటు లేనివాళ్ళు మొదలుపెట్టకపోవడమే మంచిది. తమ్ముడూ, నువ్వు కాల్చినా ఆరుబయట, పిల్లలకు దూరంగా కాల్చు.

ప్రశ్న అడిగినవారు:

చాలా థాంక్స్ అన్నా. ఇంకో మూడు సందేహాలు. ఒక పక్కే కాలిపోతుంటే ఏం చెయ్యాలి? సగం మిగిలితే మర్నాటికి ఉంచుకోవచ్చా? ఇవి అసలువే అని ఎలా నమ్మేది?

జవాబు:

ఒక పక్కే కాలుతుంటే వెనకబడిన పక్కకి లైటర్ మంట కొంచెం చూపించు, చాలు. చీటికిమాటికి బూడిద దులపకు, ఒక అంగుళం దాకా దానంతటదే నిలుస్తుంది. ఆరిపోతే బూడిద దులిపి, లోపల నిలిచిన పొగ పోయేలా బయటికి ఒకసారి ఊది, మళ్ళీ వెలిగించుకో. అదంతా గంటలోపే. మర్నాటికి కంపు కొడుతుంది, ఉంచొద్దు. రెండు వేళ్ళ వెడల్పు మిగిలి, వేడిగా చేదుగా అనిపిస్తే అక్కడితో ఆపెయ్. సిగరెట్‌లా నలపకు, ఆష్‌ట్రేలో వదిలేస్తే అదే ఆరిపోతుంది.

విడిగా వచ్చినవాటిని అసలువని తేల్చడం కష్టం. పెట్టె ఉంటే పచ్చ రంగు వారంటీ సీలు, హోలోగ్రామ్, అడుగున సిరాతో ముద్రించిన ఫ్యాక్టరీ కోడ్, నెల, సంవత్సరం చూడొచ్చు. బావని పెట్టె ఫోటో ఏమైనా ఉందేమో అడుగు.

డబ్బాలో తేమ చూసుకోవడానికి చిన్న డిజిటల్ హైగ్రోమీటర్ కొను, కానీ కొన్న వెంటనే నమ్మొద్దు. ఒక సీసా మూతలో ఉప్పు పోసి, కరగకుండా తడిసేంత నీళ్ళు చల్లి, మీటర్‌తో పాటు జిప్ కవర్‌లో పెట్టి ఒక రోజు కదపకు. 75 చూపించాలి. 71 చూపిస్తే ఇకనుంచి అది చూపించే అంకెకి నాలుగు కలిపి లెక్కేసుకో.