టీఓఎక్స్‌కూ టీహెచ్‌ఎంల మొత్తానికీ ఇంత తేడా ఎందుకు వస్తోంది?

ప్రశ్న: గౌతమీతీరం

నది నీటిని శుద్ధి చేసి సరఫరా చేసే ఒక పట్టణ ప్రయోగశాలలో రసాయన విశ్లేషకుడిగా పనిచేస్తున్నాను. క్లోరిన్ కలిపిన నీటి నమూనాలో నాలుగు ట్రైహాలోమీథేన్లను (టీహెచ్‌ఎంలు, అంటే క్లోరిన్ నీటిలోని సేంద్రియ పదార్థంతో చర్య జరిపినప్పుడు ఏర్పడే సమ్మేళనాలు) గ్యాస్ క్రొమటోగ్రఫీతో కొలిచాము. లీటరుకు క్లోరోఫారం 58, బ్రోమోడైక్లోరోమీథేన్ 22, డైబ్రోమోక్లోరోమీథేన్ 10, బ్రోమోఫారం 2 మైక్రోగ్రాములు, అంటే మొత్తం 92 వచ్చాయి. అదే నమూనాకు మొత్తం సేంద్రియ హాలోజన్, అంటే టీఓఎక్స్, యాక్టివేటెడ్ కార్బన్ మీద అధిశోషణం చేసి, దహనం చేసి, మైక్రోకూలోమెట్రీతో (వెలువడిన హాలైడ్లను వెండి అయాన్లతో టైట్రేట్ చేసే పద్ధతి) కొలిస్తే లీటరుకు 210 మైక్రోగ్రాములు వచ్చింది. మిగిలిన భాగం నిజంగా నీటిలో ఉన్న పదార్థమేనా, లేక నీటిలోని మామూలు క్లోరైడ్ కార్బన్‌కు అంటుకుని అంకెను పెంచుతోందా? పై అధికారులకు నివేదిక పంపేముందు దీన్ని తేల్చుకోవాలనుకుంటున్నాను.

సమాధానం: జలవిశ్లేషణ

గౌతమీతీరం గారూ, ముందుగా రెండు అంకెలను ఒకే ప్రమాణంలోకి తేవాలి. టీఓఎక్స్‌ను క్లోరిన్ బరువుగా చెబుతారు. మీ 92 మాత్రం సమ్మేళనాల పూర్తి బరువు. క్లోరోఫారం బరువులో 89 శాతం క్లోరినే కాబట్టి 58 దాదాపు 52 అవుతుంది. బ్రోమోఫారంలో ఒక్కో బ్రోమిన్ పరమాణువును ఒక క్లోరిన్‌గా లెక్కించాలి కనుక దాని బరువులో 42 శాతమే లెక్కకు వస్తుంది. ఈ విధంగా నాలుగింటినీ మార్చి కూడితే 72 వస్తుంది. అంటే మీ టీహెచ్‌ఎంలు టీఓఎక్స్‌లో సుమారు మూడో వంతు మాత్రమే. తేడా మీరు అనుకున్నదానికంటే పెద్దది.

అయినా నాకు ఇది అసహజంగా అనిపించడం లేదు. హాలోఅసిటిక్ ఆమ్లాలు, హాలోఅసిటోనైట్రైళ్లు, హాలోకీటోన్లు, ఇంకా ఎవరూ గుర్తించని పెద్ద అణువులు, ఇలా క్లోరిన్ వల్ల ఏర్పడే ఇతర ఉపఉత్పన్నాలన్నీ టీఓఎక్స్‌లోకే వస్తాయి. క్లోరిన్ కలిపిన నీటిలో క్లోరోఫారం ఏర్పడుతోందని 1974లో రోటర్‌డామ్‌లో జోహానెస్ రూక్ ప్రకటించినప్పుడు ముందుగా కంటబడినవి, సులభంగా ఆవిరై గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌కు చిక్కే పదార్థాలే. ఆవిరి కానివాటిని పట్టుకోవడానికి ఆ పద్ధతి చాలదు. అందుకే తెలిసిన సమ్మేళనాలను ఒక్కొక్కటిగా కూడినా టీఓఎక్స్‌లో సగానికి చేరకపోవడం ఎన్నో నీళ్లలో కనిపించే విషయం.

అయితే మీ అనుమానాన్ని కొట్టిపారేయలేను, ఎందుకంటే క్లోరైడ్ నిజంగానే కార్బన్‌కు అంటుకుంటుంది. నమూనా వెళ్లిన తరువాత కార్బన్‌ను నైట్రేట్ ద్రావణంతో కడిగేది దాన్ని తొలగించడానికే. మీ నీటిలో ఎంత క్లోరైడ్ ఉందో అంతే సోడియం క్లోరైడ్‌ను శుద్ధజలంలో కలిపి, నమూనాకు చేసినట్టే అన్ని దశలూ జరిపి చూడండి. అందులో వచ్చిన అంకె మామూలు బ్లాంక్ (ఏమీ కలపని శుద్ధజలం) కంటే పెద్దగా ఎక్కువ లేకపోతే ఆ అనుమానం తీరినట్టే. వరుసగా పెట్టిన రెండు కార్బన్ గొట్టాలను విడివిడిగా దహనం చేయడం కూడా మానకండి. రెండోదానిలో చెప్పుకోదగ్గ భాగం కనిపిస్తే మొదటిది పట్టుకోలేకపోయిందని అర్థం, అప్పుడు నమూనాను పలుచన చేయాలి.

సమాధానం: క్లోరిన్‌గది

పై సమాధానంతో ఏకీభవిస్తూనే, నా అనుభవంలో ఎక్కువ గొడవ నమూనా సేకరణ దగ్గరే వస్తుందని చెప్పదలచుకున్నాను. మిగులు క్లోరిన్‌ను అక్కడికక్కడే తొలగించకపోతే సీసాలోనే చర్య సాగి టీహెచ్‌ఎంలు పెరుగుతూ ఉంటాయి, పైగా ఆ క్లోరిన్ కార్బన్‌తోనే చర్య జరిపి టీఓఎక్స్‌ను ఎక్కువ చేసి చూపుతుంది. టీఓఎక్స్‌కు సోడియం సల్ఫైట్ వాడి, నైట్రిక్ ఆమ్లంతో పీహెచ్‌ను 2 కంటే తగ్గిస్తారు. కానీ సల్ఫైట్ హాలోఅసిటోనైట్రైళ్లనూ క్లోరోపిక్రిన్ అనే మరో ఉపఉత్పన్నాన్నీ విచ్ఛిన్నం చేస్తుంది కాబట్టి, అదే సీసాలోని నీటిని వాటి విశ్లేషణకు వాడకూడదు. టీహెచ్‌ఎం నమూనా తీసే వయల్‌లో (చిన్న గాజు సీసాలో) ఒక్క గాలి బుడగ కూడా మిగలకూడదన్నది మీకు తెలిసిందే.

ఎక్కడ తీశారన్నది కూడా రాయాలి. పైపుల్లో నీరు ఎక్కువసేపు నిలిచేకొద్దీ టీహెచ్‌ఎంలు పెరుగుతాయి. కానీ మిగులు క్లోరిన్ అడుగంటిన చివరి ప్రాంతాల్లో డైక్లోరోఅసిటిక్ ఆమ్లాన్ని బ్యాక్టీరియా తినేయడం వల్ల అది తగ్గిపోవచ్చు.

గౌతమీతీరం

ఇద్దరికీ కృతజ్ఞతలు. మా పట్టణం తీరానికి దగ్గర కావడంతో వేసవిలో సముద్రపు నీరు కాస్త ఎగదన్నుతుంది, అప్పుడు బ్రోమిన్ ఉన్న సమ్మేళనాల వాటా పెరుగుతుంది. మైక్రోకూలోమెట్రీ దీన్ని చూపగలదా? పరిమితుల సంగతి కూడా చెప్పగలరు.

సమాధానం: జలవిశ్లేషణ

చూపలేదు. వెండి అయాన్లు క్లోరైడ్, బ్రోమైడ్, అయోడైడ్ మూడింటినీ ఒకేలా అవక్షేపిస్తాయి కనుక మొత్తం ఒక్కటే అంకెగా వస్తుంది. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 65 మిల్లీగ్రాముల బ్రోమైడ్ ఉంటుంది కాబట్టి, అది కొద్దిగా కలిసినా చిత్రం మారిపోతుంది. దహన వాయువును టైట్రేషన్ సెల్‌కు పంపకుండా శుద్ధజలంలోకి పట్టి, అయాన్ క్రొమటోగ్రఫీలో వేస్తే సేంద్రియ క్లోరిన్, బ్రోమిన్, అయోడిన్ విడివిడిగా వస్తాయి. వేసవి నమూనాలకు ఇదే చేయించండి. ఖర్చు ఎక్కువైనా ఆ సమాచారం మరోలా దొరకదు.

పరిమితుల విషయానికొస్తే, తాగునీటికి భారతీయ ప్రమాణమైన ఐఎస్ 10500:2012 టీఓఎక్స్‌కు ఏ హద్దూ పెట్టలేదు. క్లోరోఫారం లీటరుకు 200, బ్రోమోడైక్లోరోమీథేన్ 60, మిగతా రెండూ 100 మైక్రోగ్రాముల చొప్పున అని విడివిడిగా చెబుతుంది. మీ నాలుగూ వాటికి లోపలే ఉన్నాయి. అమెరికా మాత్రం నాలుగింటి మొత్తానికి 80 అని, ఏడాది పొడవునా తీసిన సగటుకు హద్దు పెట్టింది కాబట్టి ఒక్క నమూనాలోని 92ను దానితో నేరుగా పోల్చకండి. నివేదికలో ఐఎస్ విలువలనే ఆధారంగా చూపి, టీఓఎక్స్‌ను వేరే పట్టికలో, యూనిట్ పక్కన "క్లోరిన్‌గా" అని స్పష్టంగా రాసి ఇవ్వండి.