పుట్టెడు దుఃఖం: ఇంతకీ పుట్టి అంటే ఎంత?

"పుట్టెడు దుఃఖం"లోని పుట్టెడుకీ పుట్టుకకీ సంబంధం ఉందా అని నిన్న ఒకరు అడిగారు. లేదండీ. పుట్టి ధాన్యం కొలత. మా గోదావరి వైపు లెక్కలో నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం, నాలుగు కుంచాలు తూము, 20 తూములు పుట్టి. అంటే 80 కుంచాల దుఃఖం! ఈ మాట ధాన్యం కొలిచే ఇళ్ళలోనే పుట్టి ఉంటుందని నా నమ్మకం.

మండపేటలో మా నాయనమ్మ ఇంట్లో కుంచం ఇనపది, సోలా తవ్వా ఇత్తడివి. బియ్యం ఆవిడే కొలిచేది. మొదటి కుంచానికి ఒకటి అనకుండా "లాభం" అనేది. తర్వాత రెండు, మూడు. ఆరు దాటాక "ఏడు" నోట రానిచ్చేది కాదు, అందులో ఏడుపు ఉందని. "ఆరున్నొకటి" అనేది. పక్కన కూర్చుని ఎవరైనా ఏడు అన్నారో, తొడపాశం తప్పేది కాదు. వంటింట్లోనూ ఇవే మాటలు: "తవ్వెడు పొయ్యవే. బాబాయి వాళ్ళొస్తున్నారుగా, ఇంకో సోలెడు కలుపు."

ఈ "ఎడు" చేరితే అది నిండేంత అని అర్థం. వేమన ఒక్క పద్యంలోనే మూడుసార్లు వాడాడు:

గంగిగోవు పాలు గరిటెడైనను చాలు
కడివెడైన నేమి ఖరము పాలు
భక్తి కలుగు కూడు పట్టెడైనను చాలు
విశ్వదాభిరామ వినుర వేమ

1960ల్లో మెట్రిక్ కొలతలు తప్పనిసరి అయ్యాక బజార్లో కిలో, లీటరు వచ్చాయి. ఇళ్ళలో సోలలు ఇంకొన్నాళ్ళు నిలిచాయి గానీ, ఇప్పటి పిల్లలకి గిద్దెడు నెయ్యి అంటే తెలీదు. ఒంటితో కొలిచేవి మాత్రం పోలేదు: గుప్పెడు, చారెడు, దోసెడు, జానెడు. మల్లెపూలు ఇప్పటికీ మూరే కదా.

జవాబు: మా కరీంనగర్ దిక్కు అడ్డెడు కూడా అంటరు. రెండు మానికలైతే అడ్డ, రెండు అడ్డలైతే కుంచం. లాభంతోని మొదలుపెట్టుడు మా ఇంట్ల గూడ ఉండె. మా బాపు ఇప్పటికీ వడ్లు అట్లనే లెక్కవెడ్తడు. కుంచం అనే మాట మీ దిక్కు ఇంకా వాడుతరా?

జవాబు: అడ్డ వదిలేశాను, బాగా గుర్తుచేశారండీ. కుంచం మా దగ్గర పొలం లెక్కలో బతికే ఉంది. కుంచం అంటే పది సెంట్లు, పది కుంచాలు ఎకరం. గింజల కొలత నేల కొలత అయింది. "గంపెడాశ", "ఇంటెడు చాకిరీ" కూడా ఈ కోవలోవే. శ్రీకాకుళం, రాయలసీమ వాళ్ళు మీ ఇళ్ళలో విన్న "ఎడు" మాటలు రాయండి, ఏ గిన్నెతో కొలిచేవారో కూడా చెప్పండి.