తాజ్‌మహల్‌ను కాపాడిన తీర్పు ఫిరోజాబాద్ గాజుల కార్మికులకు ఏం ఒరగబెట్టింది?

బెజవాడ శ్రావణి
శ్రావణ మాసానికి మట్టిగాజులు కొందామని వెళ్తే షాపాయన "ఫిరోజాబాద్ సరుకమ్మా, గ్యాస్ రేటు పెరిగింది" అంటూ డజను మీద ధర పెంచాడు. గాజులకూ గ్యాస్‌కూ ఏంటి సంబంధం అని చదవబోతే తాజ్‌మహల్ దగ్గర తేలాను. బొగ్గు పొగకు తాజ్ పాలరాయి పాడవుతోందని, దాని చుట్టూ సుమారు 10,400 చదరపు కిలోమీటర్ల ప్రాంతంలో బొగ్గు వాడే పరిశ్రమలు గ్యాస్‌కు మారాలి, లేదంటే వేరే చోటికి పోవాలి అని 1996 డిసెంబర్ 30న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఫిరోజాబాద్ ఆ ప్రాంతంలోదే. దీనివల్ల అక్కడి కూలీలకు మేలు జరిగిందని మా నాన్న, పాలరాతికి తప్ప ఎవరికీ ఏమీ కాలేదని నేను. మీరేమంటారు?

లా పాయింట్ రాంబాబు
మీ నాన్నగారిదే రైటు. తాజ్ కంటే ముందు ఆ పొగ పీల్చింది కొలిమి దగ్గరున్న మనిషే కదండీ. పైగా కోర్టు కార్మికుణ్ణి గాలికొదిలేయలేదు. ఆగ్రాలోని 292 పరిశ్రమల విషయంలో, ఫ్యాక్టరీ తరలిస్తే కూలీకి సర్వీసు కొనసాగాలి, ఏడాది జీతం బోనస్‌గా ఇవ్వాలి, మూసేస్తే మామూలు పరిహారం పైన ఆరేళ్ళ జీతం ఇవ్వాలి అంది. దానికి ఇరవై రోజుల ముందు, డిసెంబర్ 10న, బాల కార్మికుల మీద ఇంకో తీర్పు వచ్చింది. ఆ పిటిషన్ వేసింది కూడా తాజ్ కేసు వేసిన లాయర్ ఎం.సి. మెహతానే. పిల్లల్ని పనిలో పెట్టుకున్న యజమాని ఒక్కో పిల్లవాడికి 20,000 రూపాయలు కట్టాలి. ముందుగా చర్య తీసుకోవాల్సిన పరిశ్రమల జాబితాలో శివకాశి అగ్గిపెట్టెలు, ఫిరోజాబాద్ గాజు, మన మార్కాపురం పలకలు ఉన్నాయి. కోర్టు ఇంతకంటే ఏం చేస్తుంది?

పలకల మార్కాపురం
రాంబాబు గారూ, మా ఊరి పేరెత్తారు కాబట్టి ఊరుకోలేను. ఆ ఆరేళ్ళ జీతం ఎవరికి? కనీసం ఏడాది ఏకధాటిగా సర్వీసు ఉన్నవాడికి. అంటే రికార్డులో పేరుండాలి. చేతి గాజు ఎలా తయారవుతుందో చూడండి. మూసలో కరిగిన గాజు ముద్దను ఇనప కడ్డీతో తీసి పరుగున తెస్తారు, దాన్ని తీగలా సాగదీస్తూ తిరిగే రోలర్ మీద చుడతారు, స్ప్రింగులా వస్తుంది. దాన్ని నిలువునా కోస్తే విడి చుట్లు. ఫ్యాక్టరీ గేటు దాటేటప్పటికి అది చేతికి వేసుకునే గాజు కాదు, కొసలు కలవని చుట్టు. ఆ కొసల్ని సరిచేసేదీ, మంట మీద అతికించేదీ చాలావరకు ఇళ్ళలోనే. చిన్న గదిలో ఆడవాళ్ళు మంట ముందు వరసగా కూర్చుంటారు. మే నెలలో కూడా ఫ్యాన్ వేయరు, వేస్తే మంట ఊగి అతుకు చెడుతుంది. వీళ్ళ పేర్లు ఏ మస్టర్‌లో ఉన్నాయి?

పిల్లల సంగతీ అంతే. 1986 బాల కార్మిక చట్టం కింద గాజు పని ప్రమాదకరమైన జాబితాలోకి వచ్చింది. కానీ ఇంటివాళ్ళతో కలిసి చేసే పనిని 2016 సవరణ దాకా అదే చట్టం 3వ సెక్షన్ వదిలేసింది. పని ఇంట్లోకి జరిగితే సరి, ఎవరూ అడిగేవారు కాదు. మా పలకల పనిలో పిల్లలు తగ్గడం కూడా మొత్తం తీర్పు గొప్పే అనకండి. నోటుబుక్కులు వచ్చి పలకకు గిరాకీ పోవడం పెద్ద కారణం.

ఆగ్రా రిటర్న్
ఉద్యోగరీత్యా అటువైపు కొన్నేళ్ళున్నాను. ఇద్దరూ అసలు చరిత్ర వదిలేశారు. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు మన బజార్లలో బొహీమియా (ఇప్పటి చెక్ దేశంలోని ప్రాంతం) గాజులు రాశులు పోసి అమ్మేవారు. యుద్ధంతో ఆ సరుకు ఆగింది, ఫిరోజాబాద్ ఎదిగింది. ఈ గాజుల పనికి ఆద్యుడు రుస్తుం ఉస్తాద్ అని అక్కడ చెప్పుకుంటారు. తరాలుగా గాజు పనే చేసే శీష్‌గర్లు, వాళ్ళ చుట్టూ ముద్ద తీసేవాళ్ళు, తీగ లాగేవాళ్ళు, అతికేవాళ్ళు, మెరుగు పెట్టేవాళ్ళు. ఒక్కో పనికి ఒక్కో వాడ. ఇళ్ళలో పని తీర్పుతో మొదలైంది కాదు, ముందునుంచీ ఉన్నదే. కాబట్టి తీర్పును తిట్టి లాభం లేదు.

గ్యాస్ సంగతి మాత్రం వేరు. కొలిమి రాత్రీపగలూ మండాల్సిందే, చల్లారితే మూసలు పగులుతాయి. 2022 ఏప్రిల్‌లో దేశీయ గ్యాస్ ధర యూనిట్‌కు 2.90 డాలర్ల నుంచి 6.10కి పెరిగింది, అక్టోబర్‌లో 8.57 అయింది. బొగ్గుకు వెనక్కి పోదామంటే తీర్పు అడ్డం. యజమాని ఆ లోటు ఎక్కడ పూడ్చుకుంటాడు? రికార్డు లేని చోట, అతుకుల కూలీలో.

లా పాయింట్ రాంబాబు
అంటే పొగ ఉండనివ్వాలంటారా?

ఆగ్రా రిటర్న్
అనలేదండీ. తాజ్ కోసం ఆ ఊరు ఖరీదైన ఇంధనం కాలుస్తోంది, కాబట్టి తాజ్ టికెట్ డబ్బులో ఆ ఊరికి వాటా రావాలంటున్నాను.

పలకల మార్కాపురం
వాటా వస్తే ఫ్యాక్టరీకే పోతుంది అన్నా. ముందు అతికేవాళ్ళకు గుర్తింపు కార్డులు ఇవ్వమనండి.

బెజవాడ శ్రావణి
ఈ చివరి మాట మా నాన్నకు చదివి వినిపించాను. కార్డులకు ఒప్పుకున్నారు, తీర్పు మీద మాత్రం ఇంచు కదల్లేదు.