అన్నని దాటేసిన చెల్లి: 12½ ఏళ్ల బాబు, 11 ఏళ్ల పాప. ఏది మామూలు, ఎప్పుడు చూపించాలి?

గోరింటాకు:
బాబుకి 12½ ఏళ్లు, ఎత్తు 144 సెం.మీ. పాపకి 11, ఎత్తు 147. వాళ్ల నాన్న 170, నేను 156. పాపకి ఏడాది కిందట ఛాతీ రావడం మొదలైంది, ఇంకా పెద్దమనిషి అవ్వలేదు. బాబుకి మీసం లేదు, గొంతు మారలేదు. ఇంట్లో ఒకరేమో బాబుకి ఎత్తు పెరిగే పొడి పట్టమంటారు. ఇంకొకరు పాప పెద్దమనిషైతే అక్కడితో ఆగిపోతుంది, వాయిదా వేసే ఇంజెక్షన్ వేయించమంటారు. అసలు ఇద్దరిలో ఎవరి గురించి కంగారు పడాలి?

ఎదుగుదల_పట్టిక:
ఈ అంకెల్ని బట్టి ఎవరి గురించీ అక్కర్లేదండీ. ఇద్దర్నీ పక్కపక్కన నిలబెట్టి చూడటం దగ్గరే తేడా వస్తోంది. ఈ వయసులో పుట్టినరోజు కంటే ఈడు ఎంతవరకు వచ్చిందన్నదే లెక్క.

ఆడపిల్లల్లో ఈడు 8 నుంచి 13 ఏళ్ల మధ్య ఎప్పుడైనా మొదలవచ్చు. మొదటి గుర్తు చనుమొన కింద చిన్న గట్టి బిళ్ల, ఒక్కోసారి ముందు ఒకవైపే వస్తుంది. గడ్డేమోనని భయపడి స్కానింగులకు పరుగెత్తేవాళ్లు చాలామంది. బిళ్ల కనిపించిన కొద్దికాలానికే ఎత్తు ఊపందుకుంటుంది. 12 ఏళ్లకు అటూ ఇటూగా ఏడాదికి 8 సెం.మీ. దాకా వెళ్తుంది. బిళ్ల కనిపించాక సుమారు రెండు, రెండున్నర ఏళ్లకి నెలసరి. అప్పటికే ఎదుగుదల వేగం తగ్గుముఖం పట్టి ఉంటుంది. ఆ తర్వాత కూడా సాధారణంగా 5 నుంచి 7 సెం.మీ. పెరుగుతారు కాబట్టి 'అక్కడితో ఆగిపోతుంది' అన్నది నిజం కాదు. వాయిదా వేసే ఇంజెక్షన్ 8 ఏళ్ల లోపే ఈడు మొదలైన పిల్లలకి. పదేళ్లకి మొదలైన పాపకి దాంతో ఎత్తు కలిసిరాదు.

మగపిల్లల్లో 9 నుంచి 14 మధ్య మొదలవుతుంది. మొదటి గుర్తు వృషణాలు పెద్దవవడం. అది తల్లిదండ్రుల కంట పడదు. మనం ఎదురుచూసే మీసం, గొంతు బొంగురుపోవడం బాగా తర్వాత వస్తాయి. పైగా వాళ్ల ఎత్తు ఊపందుకునేది మొదట్లో కాదు, సగం దారి దాటాక. 14 ఏళ్ల ప్రాంతంలో ఏడాదికి 9 నుంచి 10 సెం.మీ. వరకు పెరుగుతారు. దానికి ముందు కాస్త మందగించడం కూడా మామూలే.

పెద్దయ్యాక ఆడ, మగ ఎత్తుల్లో సగటు తేడా 13 సెం.మీ. అందులో ఎక్కువ భాగం ఈ ఆలస్యం వల్ల వచ్చిందే. ఈడు రెండేళ్లు ఆలస్యం, ఆ రెండేళ్లూ ఏడాదికి 5 చొప్పున మామూలు ఎదుగుదల, దాని మీద ఊపు కూడా కొంచెం ఎక్కువ. మీ బాబు ఇప్పుడు చెల్లి కంటే వెనకబడటానికీ, రేపు దాటిపోవడానికీ కారణం ఒకటే.

పెద్దయ్యాక ఇద్దరూ ఎంత ఎత్తు వస్తారో లెక్క కట్టి చూసుకోండి. బాబుకి అమ్మానాన్నల ఎత్తులు కలిపి 13 కూడి సగం చేయాలి: (170+156+13)/2 = 169.5. పాపకి 13 తీసేయాలి: (170+156–13)/2 = 156.5. దీనికి 8 సెం.మీ. అటూ ఇటూ దేనికైనా సిద్ధంగా ఉండండి, ఇది జాతకం కాదు. 5 నుంచి 18 ఏళ్ల వాళ్లకి ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2015లో ఇచ్చిన పట్టికలున్నాయి, ఆడపిల్లలకి వేరు, మగపిల్లలకి వేరు. అబ్బాయి అంకెని అమ్మాయి పట్టికలో వేసి బెంబేలెత్తడం తరచూ జరిగే పొరపాటు.

పొడుల సంగతి: వాటిలో ఉండేది చక్కెర, పాలపొడి, కొన్ని విటమిన్లు. ఈడుని అవి ముందుకి జరపలేవు.

గోరింటాకు:
చాలా థాంక్సండీ. బాబుకి పోయిన జూన్‌లో 139.5, ఈ జూన్‌లో 144. మధ్యలో రెండుసార్లు బడిలో కొలిస్తే ఒకసారి 141, ఇంకోసారి 145 అన్నారు! ఏది నమ్మాలి? వాళ్ల నాన్న కూడా ఇంటర్‌లోనే ఎదిగారట.

ఎదుగుదల_పట్టిక:
బడి కొలతలు పక్కన పెట్టండి. ఏడాదికి 4.5 అంటే ఊపుకి ముందు ఉండాల్సిన వేగమే. నాన్న ఆలస్యంగా ఎదిగారంటే కొడుకూ అదే దారిలో ఉండొచ్చు.

ఇంట్లో ఇలా కొలవండి. బూట్లు, సాక్సులు, తలపిన్నులు తీసేయాలి, పాపకి జడ ముడి విప్పాలి. గోడ కింద చెక్క అంచు లేనిచోట మడమలు, పిరుదులు, భుజాల ఎముకలు ఆనించి నిలబెట్టండి. చూపు తిన్నగా ఉండాలి, గడ్డం పైకెత్తకూడదు. నెత్తి మీద పుస్తకం వీపు గోడకి ఆనేలా పెట్టి, కింది అంచు దగ్గర గీత గీయండి. స్కేలు వంపుగా పెట్టి కొలవడం వల్లే ఎక్కువ తప్పులు. ఉదయానికీ సాయంత్రానికీ దాదాపు 1 సెం.మీ. తగ్గుతుంది, కాబట్టి ఎప్పుడూ ఒకే వేళకి. ఆరు నెలలకోసారి చాలు. మూడు నెలలకే కొలిస్తే 1 సెం.మీ. తప్పు ఏడాది లెక్కలో 4 సెం.మీ. అయి కూర్చుంటుంది.

ఎత్తు కంటే ముందు చెప్పులు చూడండి. పాదాలు మొదట పెరుగుతాయి, తర్వాత కాళ్లు, చివరికి మొండెం. ఏడాదిలో రెండు సైజులు మారితే ఊపు దగ్గరపడిందన్నమాట.

చోడిజావ:
తిండి వైపు నుంచి ఒక మాట. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్కల్లో 10–12 ఏళ్ల వాళ్లకి కేలరీలు దగ్గరదగ్గరగానే ఉంటాయి, అబ్బాయికి 2220, అమ్మాయికి 2060. ఇనుము చూడండి: అబ్బాయికి రోజుకి 16 మి.గ్రా., అమ్మాయికి 28. కాల్షియం ఇద్దరికీ 850, 13 దాటితే 1000. అంటే పాప కంచంలో అన్నం కాస్త తగ్గినా పప్పు, ఆకుకూర, గుడ్డు, మాంసం తగ్గకూడదు. మన ఇళ్లలో జరిగేది తిరగేసి! 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–19 ఏళ్ల అమ్మాయిల్లో 59.1 శాతానికి రక్తహీనత, అబ్బాయిల్లో 31.1 శాతానికి. అబ్బాయిలకి ఉండదనుకోవడమూ తప్పే.

పెద్దమనిషి అయ్యాక నువ్వుల చిమ్మిలి, మినప సున్నుండలు, నెయ్యి పెట్టే ఆచారం మంచిదే, సమయమే రెండేళ్లు ఆలస్యం. ఎముక పరుగు తీసేది నెలసరికి ముందు. బిళ్ల కనిపించిన రోజు నుంచే పెట్టండి. బాబుకి కూడా! పొట్టు తీయని నువ్వులు, 100 గ్రాముల్లో దాదాపు 360 మి.గ్రా. కాల్షియం ఉండే చోళ్లు (రాగులు), పాలు, పెరుగు, ఇవి ఇద్దరికీ ఒకటే.

ఆకుకూర పప్పు మీద నిమ్మకాయ పిండండి, ఇనుము బాగా ఒంటబడుతుంది. భోజనం అయిన గంట వరకు టీ, కాఫీ వద్దు. బడిలో వారానికొకటి ఇచ్చే నీలం మాత్రలో 60 మి.గ్రా. ఇనుము ఉంటుంది. అది ఖాళీ కడుపున వేస్తే వికారం, అన్నం తిన్నాక వేయాలి. విరేచనం నల్లగా వస్తే భయపడక్కర్లేదు. నులిపురుగుల మాత్ర ఏడాదికి రెండుసార్లు వేయించకపోతే, కడుపులో కొంకి పురుగులుంటే ఇచ్చిన ఇనుము వాటికే.

పాపకి నడుము, తొడల దగ్గర కొవ్వు చేరుతుంది. అది ఈడులో భాగం, డైటింగ్ చేయించకండి.

గ్రౌండ్_సార్:
ఆటల సంగతి నేను చెప్త. అండర్-14 జట్టు పుట్టిన తేదీ చూసి ఎంచుతరు. ఒకే క్లాసుల ఒకడు మీసాలొచ్చి 55 కిలోలు ఉంటడు, ఒకడు మీ బాబు లెక్క ఉంటడు. చిన్నగున్నోణ్ణి కబడ్డీల వాళ్లతోని గుద్దుకోనియ్యకుండా ఖోఖో, బ్యాడ్మింటన్, పరుగు వైపు తిప్పాలె. ఆట మాత్రం మాన్పియ్యొద్దు.

ఊపు మీద ఉన్నప్పుడు మోకాలి చిప్ప కింద ఎముక ఉబ్బి నొప్పి వస్తది. అమ్మాయిలకు 10–13ల, అబ్బాయిలకు 12–15ల ఎక్కువ. దూకుడు, గుంజీలు కొన్ని వారాలు తగ్గించి, ఆట అయినంక ఐస్ పెడితే చాలు. రాత్రి నిద్ర లేపేంత నొప్పి, వాపు, జ్వరం ఉంటే మాత్రం డాక్టర్ దగ్గరికి పోవాలె.

అమ్మాయిలు ఎగిరి దిగేటప్పుడు మోకాళ్లు లోపలికి వాలుతయి, అక్కడ్నే మోకాలి ఎముకలను కట్టి ఉంచే లిగమెంటు తెగేది. మోకాళ్లు వంచి, అవి పాదాలకు తిన్నగ ఉండేటట్టు దిగుడు వారంల మూడుసార్లు, 15 నిమిషాలు చేయించుండ్రి. ఛాతీ దాచుకుందామని వంగి నడుస్తుంటే తిట్టుడు కాదు, సరైన స్పోర్ట్స్ బ్రా కొనియ్యాలె. వీపు వైపు నిలబడి, ముందుకు వంగమని చూడుండ్రి, ఒకవైపు పక్కటెముకలు ఎత్తుగ కనిపిస్తే వెన్ను వంకర ఉండొచ్చు. అమ్మాయిలల్ల అది ముదురుడు ఎక్కువ.

అబ్బాయిలకు కూడ చనుమొన కింద గట్టిగ, నొప్పిగ బిళ్ల వస్తది, సగంమందికి దాక. అంగీ విప్పుడు సిగ్గయి ఆట మానేస్తరు. ఏడాది, రెండేళ్లల అదే పోతది. పిసకొద్దు, క్రీములు రాయొద్దు.

గోరింటాకు:
చివరిగా, ఎప్పుడు డాక్టర్‌కి చూపించాలి? ఎక్స్‌రే ఇప్పుడే తీయించనా?

ఎదుగుదల_పట్టిక:
ఇప్పుడు వద్దు. అమ్మాయికి 8 లోపు, అబ్బాయికి 9 లోపు ఈడు మొదలైనా, అమ్మాయికి 13 నిండినా ఛాతీ రాకపోయినా, 15 నిండినా నెలసరి రాకపోయినా, అబ్బాయికి 14 నిండినా వృషణాలు పెరగకపోయినా చూపించాలి. ఏడాదికి 4 సెం.మీ. కూడా పెరగకపోయినా అంతే. అప్పుడు ఎడమచెయ్యి, మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముక వయసు, అంటే ఎముకలు ఏ వయసుకి తగ్గట్టు ఎదిగాయో చూస్తారు. 14 ఏళ్ల అబ్బాయికి ఎముక వయసు 12 వస్తే అది మంచి వార్తే, ఇంకా ఎదిగే టైము ఉందని.

పాపకి నెలసరి మొదలయ్యాక మొదటి ఏడాది రెండేళ్లు 21 నుంచి 45 రోజుల మధ్య ఎప్పుడొచ్చినా పర్వాలేదు. ఏడు రోజులు దాటి అవుతున్నా, గంటకో ప్యాడ్ తడుస్తున్నా ఆగకుండా తీసుకెళ్లండి.