తుంపరలో తడిసిన డ్రోన్‌ను మళ్లీ ఆన్ చేయొచ్చా?

నమస్కారమండీ. నా దగ్గర 249 గ్రాముల చిన్న కెమెరా డ్రోన్ ఉంది. మొన్న సాయంత్రం కొండ మీదికి మబ్బులు దిగుతుంటే వీడియో తీద్దామని ఎగరేశాను. ఐదు నిమిషాలు కాకముందే తుంపర మొదలైంది. వెంటనే వెనక్కి రప్పించాను గానీ, చేతికొచ్చేసరికి పైభాగమంతా నీటి బొట్లే. దిగేటప్పుడు తడి నేల మీద అటూ ఇటూ ఊగింది కూడా. నీటి మెరుపు కింది సెన్సర్లకు అడ్డొచ్చి ఉంటుంది.

బ్యాటరీ తీసేసి, మెత్తటి గుడ్డతో తుడిచి, రెండు రోజులుగా గాలి తగిలేచోట ఆరబెట్టాను. బియ్యంలో పెట్టమని ఒకరన్నారు, పెట్టలేదు. ఆ పిండి, దుమ్ము కెమెరాను ఊగకుండా పట్టుకునే గింబల్‌లోకి పోతే అదో తలనొప్పి. ఇంకా ఆన్ చేయలేదు, భయంగా ఉంది.

నా బెంగ మోటార్ల గురించి కాదు. బ్రష్‌లెస్ మోటార్లు కాస్త తడిని తట్టుకుంటాయి. వేడి పోవడానికి పెట్టిన కంతల్లోంచి నీళ్లు సర్క్యూట్ బోర్డు మీదికి చేరాయేమోనని, గింబల్ రిబ్బన్ కేబుల్ దగ్గర నిలిచాయేమోనని. నా మోడల్‌కు నీటిని, దుమ్మును ఎంత తట్టుకుంటుందో చెప్పే ఐపీ రేటింగ్ కూడా లేదు. తుప్పు వెంటనే బయటపడదు కదా. కొన్ని వారాల తర్వాత గాల్లో ఉండగా మోటార్ ఆగిపోతే? కింద మనుషులుంటే?

మూత విప్పి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో బోర్డు తుడిచినవాళ్లు ఎవరైనా ఉన్నారా? 99 శాతం స్వచ్ఛత ఉన్నదే వాడాలా? తడి తగిలిన బ్యాటరీని పక్కన పెట్టేయడమే మేలా? మొదటిసారి రెక్కలు తీసేసి ఆన్ చేద్దామనుకుంటున్నాను, అలా చేయొచ్చా? అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.